వేడి తెలియని పాదం

నా కుడి పాదం మానింది. చిటికెన వేలు పోయింది గాని పాదం నాకు మిగిలింది. ఇది రాయడానికి ఇన్నాళ్ళు ఆగింది అందుకే. గాయం పచ్చిగా ఉన్నప్పుడు రాసుంటే ఫిర్యాదు రాసి ఉండేవాణ్ణి. డాక్టరు మీదో, దేవుడి మీదో, మా ఆవిడ మీదో ఏదో ఒక నేరం మోపి ఉండేవాణ్ణి. ఇప్పుడు స్థిమితంగా కూర్చుని వెనక్కి చూసుకుంటే నేరమంతా ఒకే మనిషి దగ్గర కనిపిస్తోంది. ఆ మనిషిని నేనే కాబట్టి దాచకుండా చెబుతాను.

షుగర్ వచ్చాక నడక మొదలుపెట్టి, ఒళ్ళు తేలికపడి, ఆ సంబరంలో ఉన్నవాళ్ళు దీన్ని చదవాలని నా కోరిక. నడక మానమని చెప్పడానికి కాదు. ఈ వేళ నేను మనిషిలా తిరుగుతున్నానంటే నడక వల్లే, ఆ తర్వాత సైకిలు వల్లే. నన్ను పడగొట్టింది వేరే ఉంది.

కార్తీకం నుంచి చైత్రం దాకా

మాది కడియం. మాకు అంటు మొక్కల నర్సరీ ఉంది. ఇంటి నుంచి నర్సరీకి కాలవ గట్టు మీదుగా మూడు కిలోమీటర్లు. ఇరవై ఏళ్ళ పాటు ఆ మూడు కిలోమీటర్లూ బండి మీదే వెళ్ళాను. నర్సరీ లోపల కూడా గులాబీ మడుల దగ్గర్నుంచి మామిడి అంట్ల షెడ్డుకి మోపెడ్ మీదే. మా దగ్గర చాలామంది యజమానులు ఇంతే. మడుల మధ్య బాటలు మోపెడ్ వెడల్పు చూసుకునే వేసుకుంటాం. రోజంతా మొక్కల్లో తిరుగుతున్నాం, మాకేం రోగం వస్తుందని అనుకుంటాం గాని, కాలు నేల మీద పెట్టేది టీ తాగేటప్పుడే.

పదిహేను నెలల కిందట కార్తీకమాసంలో కళ్ళు మసకలు కమ్మితే పరీక్ష చేయించుకున్నాను. షుగర్ బాగా ఎక్కువగా ఉందన్నారు. ఎప్పటి నుంచి ఉందో చెప్పలేమన్నారు. మా ఊరి డాక్టరుగారు మాత్రలు రాసిచ్చి, తిండి సంగతి చెప్పి, చివర్న ఒక మాట అన్నారు.

"వాకింగ్ అని వేరే పెట్టుకోకండి. నాలుగు రోజులు చేసి మానేస్తారు. పనికి నడిచి వెళ్ళండి. పని మానలేరు కాబట్టి నడకా మానలేరు."

మర్నాడు పొద్దున్న నడిచే వెళ్ళాను. నర్సరీ గేటు దగ్గర నూకరాజు ఎదురయ్యాడు. నూకరాజు మా దగ్గర అంట్లు కట్టే మేస్త్రి. అరవై దాటాయి. ముప్ఫై ఏళ్ళుగా రోజూ సైకిలు తొక్కుకుంటూ వస్తాడు, తొక్కుకుంటూ పోతాడు.

"బండికేమైందండయ్యగారూ, చెడిపోయిందా?" అన్నాడు.

"బండి బానే ఉంది. నేనే చెడిపోయాను."

"అయితే మంచిదేనండి. ఈ రిపేరుకి మెకానిక్కు అక్కర్లేదు," అన్నాడు నవ్వకుండా.

మొదటి వారం పిక్కలు రాళ్ళయిపోయాయి. దారిలో రెండు చోట్ల తూము గట్టు మీద కూలబడేవాణ్ణి. మూడో వారానికి కూర్చోవడం మానేశాను. రెండు నెలలకి ప్యాంట్లు వదులయ్యాయి, నిద్ర బాగా పట్టింది, మెట్లెక్కితే వచ్చే ఆయాసం పోయింది. ఇంకొకటి కూడా జరిగింది. నా నర్సరీని నేను మొదటిసారి చూశాను. బండి మీద పోయేటప్పుడు కనపడని పిండినల్లి పురుగు మందారాల ఆకుల కింద కనపడింది. మట్టి కవర్లు నింపే ఆడవాళ్ళ పేర్లు తెలిశాయి. దారిలో పలకరింపులు పెరిగాయి. ఇదంతా నిజమైన లాభం. ఈ మాట మీద ఇప్పటికీ నిలబడతాను.

కాని ఆ లాభంతో పాటు నాలో ఒక పొగరు పెరిగింది. "ఆరునెలల్లో ఒక్కరోజు మానలేదు" అని కనపడిన వాళ్ళందరికీ చెప్పేవాణ్ణి. బండి మీద వచ్చే తోటి నర్సరీల వాళ్ళను ఆపి మరీ చెప్పేవాణ్ణి. అంతకు ముందు రెండేళ్ళ నుంచి నా అరికాళ్ళు సూదులు గుచ్చినట్టు చురుక్కుమంటూ ఉండేవి. ఆ చురుకులు మాఘమాసానికి పూర్తిగా పోయాయి. నడకతోనే పోయాయని పొంగిపోయాను.

ఆ నెలలోనే ఒక రోజు దారిలో వెనక నుంచి సైకిలు బెల్లు వినపడింది. తిరిగి చూస్తే నూకరాజు. ఒక చేతిలో నా చెప్పు ఉంది.

"కుడికాలి చెప్పు తూము దగ్గర ఉండిపోయిందండి. కాలికి తెలీలేదా?"

కిందకి చూసుకుంటే నిజంగానే కుడి కాలికి చెప్పు లేదు. "ఏదో ఆలోచనలో ఉన్నానులే," అన్నాను.

"ఎంత ఆలోచనైనా ఒంటి చెప్పుతో ఇంత దూరం నడుస్తారాండి ఎవరైనా," అన్నాడు. నేను నవ్వేశాను. అతను నవ్వలేదు.

తర్వాత పరీక్షకి వెళ్ళినప్పుడు డాక్టరుగారు అడిగారు, పాదాలు తిమ్మిరిగా ఉంటున్నాయా అని. "అస్సల్లేదండి, అన్నీ పోయాయి," అన్నాను. "ఒకసారి సాక్సు తీయండి, చూస్తాను," అన్నారు. లారీ లోడింగ్ ఉంది, ఈసారికి వదిలెయ్యండి అని లేచి వచ్చేశాను. ఆ రోజు లోడింగ్ ఏమీ లేదు. బాగున్న మనిషిని ఇంకా రోగిలా చూస్తున్నారని చిరాకేసింది, అంతే. చెప్పు జారిపోయిన సంగతి ఆయనకు చెప్పాలని కూడా నాకు తోచలేదు.

రోహిణి కార్తె

షుగర్ తెలిసిన రోజున పట్టిసీమ వీరభద్రుడికి మొక్కుకున్నాను. షుగర్ దిగితే చెప్పుల్లేకుండా ఇసకలో నడిచి వచ్చి దర్శనం చేసుకుంటానని. చైత్రంలో రిపోర్టు బాగా వచ్చింది. తొలకరి పడితే మొక్కల లారీలతో మాకు ఊపిరాడదు కాబట్టి ఈ లోపే మొక్కు తీర్చుకోవాలన్నాను. మా ఆవిడ పద్మ వద్దంది.

"రోహిణిలో ఏంటండీ. పొయ్యి మీద పెనంలా ఉంటుంది ఇసక. చల్లబడ్డాక వెళ్దాం."

నేను వినలేదు. పద్మ తమ్ముడు శ్రీను భీమవరంలో చేపల మేత వ్యాపారం చేస్తాడు. అతను కారు తెచ్చేసరికే ఆలస్యమైంది. మేం పట్టిసీమ రేవుకి చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. పడవ దిగాక గుడి కొండ దాకా గోదావరి ఇసక తిన్నె దాటాలి. అందరూ చెప్పులతోనే దాటి మెట్ల దగ్గర విప్పుతారు. నేను చెప్పులు కారులోనే వదిలేసి వచ్చాను.

"బావగారూ, మెట్ల దగ్గర విప్పితే సరిపోద్దండి. దేవుడు టేపు పెట్టి కొలుస్తాడా," అన్నాడు శ్రీను. "నావి వేసుకోండి. నేను పరిగెత్తుకొచ్చేస్తాను."

"మేత అమ్ముకునేవాడివి, నీకేం తెలుసురా మొక్కు సంగతి."

"మొక్కు సంగతి తెలీదు గాని ఇసక సంగతి తెలుసండి," అన్నాడు.

నన్నొక్కణ్ణే నడవనివ్వడం ఇష్టం లేక పద్మ కూడా చెప్పులు చేత్తో పట్టుకుని నాతో దిగింది. పది అడుగులు వేసి, అమ్మా అంటూ గెంతి, చెప్పులు వేసుకుంది. నా పాదాలకి మాత్రం ఏమీ తెలియలేదు. గోరువెచ్చగా కూడా లేదు. పూల మీద నడుస్తున్నట్టు నడిచాను, కావాలని నెమ్మదిగా. ఎదురొస్తున్న ఒక పెద్దావిడ ఆగి, "ఆ బాబుకి స్వామి తోడున్నాడమ్మా" అని పక్కావిడతో అంది. అది నాకు వినపడింది. అప్పుడు వెనక్కి తిరిగి, నలుగురికీ వినపడేలా మా ఆవిడతో ఒక మాట అన్నాను.

"మనసు దేవుడి మీద ఉంటే కాలదు పద్మా. నీ మనసు కాళ్ళ మీద ఉంది."

ఆవిడ తల వంచుకుని నడిచింది. నా జీవితంలో వెనక్కి తీసుకోవాలనుకునే మాటల్లో అది మొదటిది. నాకు వేడి తెలియకపోవడం ఏ మహిమా కాదు. కాలినా కోసినా కబురు మోసుకెళ్ళే నరాలు నా పాదాల్లో అప్పటికే పని మానేశాయి. మాఘంలో పోయింది చురుకులు కావు, స్పర్శ. జబ్బు ముదరడాన్ని నేను భక్తి కింద లెక్కేసుకుని, కాళ్ళు సరిగ్గా పనిచేస్తున్న మనిషిని నలుగురిలో చిన్నబుచ్చాను.

తర్వాత ఆరు రోజులు

ఇంటికొచ్చి స్నానం చేస్తున్నప్పుడు చూసుకున్నాను. ఎడమ అరికాలు కమిలి ఊరుకుంది గాని, కుడి అరికాలు ముందు భాగమంతా బొబ్బలు. నొప్పి ఏ మాత్రం లేదు. నొప్పి లేదు కాబట్టి పెద్దది కాదనుకున్నాను. అసలు భయం వేరే. పద్మకి తెలిస్తే ఆ ఇసకలో నేనన్న మాట ఏమవుతుంది? శ్రీను ముందు నా ముఖం ఏమవుతుంది?

కాబట్టి దాచాను. ఇంట్లో కూడా సాక్సు వేసుకుని తిరిగాను. అడిగితే పాదాలు పగిలాయి, క్రీము రాసుకున్నానని చెప్పాను. సాక్సులు నేనే ఉతుక్కున్నాను. పెళ్ళయిన పాతికేళ్ళలో నా రుమాలు కూడా నేను ఉతుక్కోలేదు. అక్కడే అనుమానం రావాలి, ఆవిడ మంచిది కాబట్టి మురిసిపోయింది. నర్సరీకి నడక కూడా మానలేదు. ఆరునెలల్లో ఒక్కరోజు మానలేదన్న మాట ఎక్కడ తప్పుతుందోనని పగిలిన బొబ్బల మీద రోజూ ఆరు కిలోమీటర్లు నడిచాను. నొప్పి తెలిసినవాడు ఆ పని చెయ్యలేడు.

ఐదో రోజున సాక్సులోంచి వాసన వచ్చింది. ఆరో రోజు పొద్దున్న హాల్లో తెల్ల టైల్స్ మీద వరసగా మరకలు పడ్డాయి. తుడుస్తున్న పద్మ వాటి వెంటే వచ్చి నా కుర్చీ దగ్గర ఆగింది.

"ఏంటండీ ఇది?"

"నాకేం తెలుసు. ఎక్కడో ఏదో తొక్కి ఉంటాను."

ఆవిడ వంగి, నేను వద్దంటున్నా వినకుండా సాక్సు లాగింది. చూసింది. ఏడవలేదు, అరవలేదు. లేచి వెళ్ళి చేతులు కడుక్కుని తమ్ముడికి ఫోను చేసింది. అప్పటికే నాకు చలి పుడుతోంది. రోహిణి కార్తెలో దుప్పటి కప్పుకుని కూర్చున్నాను.

ఆసుపత్రి

రాజమండ్రిలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ముందు చూసిన చిన్న డాక్టరమ్మ ఎన్ని రోజులైందని అడిగింది. పద్మ పక్కనే ఉంది. నాకు నోరు ఎలా తిరిగిందో ఇప్పటికీ తెలియదు. "రెండు రోజులు," అన్నాను. ఎలా అయిందంటే, వేడి నీళ్ళు పడ్డాయన్నాను. పట్టిసీమ పేరు ఎత్తలేదు. పద్మ నా వైపు చూసింది. నిన్నటిదాకా నేను చెప్పిన క్రీము కథా ఈ వేడి నీళ్ళ కథా పక్కపక్కన పెట్టుకుని చూస్తున్నట్టు చూసింది. పెద్ద డాక్టరు వచ్చేదాకా బయట కూర్చోమన్నారు.

ఆ బయట హాల్లో కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. ఒక పెద్దాయన తన చేతికర్ర పక్కకి తీసి నాకు చోటిచ్చారు. తణుకు దగ్గర ఊళ్ళో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారట. ఎడమ కాలు మోకాలి కింద నుంచి లేదు. ప్యాంటు అక్కడ చక్కగా మడిచి పిన్నీసు పెట్టి ఉంది.

"షుగరేనాండి?" అన్నారు.

"అవునండి."

"ఎన్నాళ్ళైంది గాయం?"

"రెండు రోజులండి."

ఆయన కాసేపు నా కట్టు వైపు చూసి, నెమ్మదిగా, పద్మకి వినపడనంత చిన్నగా చెప్పారు. "నేనూ రెండు రోజులనే చెప్పేనండి. నిజానికి పదిహేను. ఇంట్లో తిడతారని. రెండు రోజుల గాయానికి ఏం చెయ్యాలో వాళ్ళు అదే చేసేరు. వాళ్ళ తప్పేం లేదు. లెక్క నేను తప్పు ఇచ్చేను, జవాబు అలా వచ్చింది." అంటూ ఆ మడత మీద చెయ్యి వేసి నిమిరారు.

నేను లేచాను. కుంటుకుంటూ లోపలికి వెళ్ళాను. పద్మ, శ్రీను వెనకే వచ్చారు. ఆ డాక్టరమ్మ ముందు నిలబడి, వాళ్ళిద్దరూ వింటుండగా అంతా చెప్పాను. ఆరు రోజులని, ఇసకని, వేడి తెలియలేదని, సాక్సులు, నడక, మాఘంలో చెప్పు జారడం, లోడింగ్ ఉందని తప్పించుకోవడం. డాక్టరమ్మ రాసుకున్న కాగితం కొట్టేసి మళ్ళీ రాసింది. రాస్తూనే సిస్టర్ని పిలిచి పెద్ద డాక్టరుగారికి వెంటనే ఫోను చెయ్యమంది.

గంటలోనే ఆపరేషన్ థియేటరుకి తీసుకెళ్ళారు. చిటికెన వేలు తీసేశారు, కుళ్ళినదంతా శుభ్రం చేశారు. బయటికొచ్చాక పెద్ద డాక్టరుగారు పెన్ను తీసి నా చీలమండ పైన ఎరుపు ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ చుట్టూ గీత గీశారు.

"ఎరుపు ఈ గీత లోపలే ఉంటే పాదం ఉంటుంది. దాటి పైకి పాకితే మాత్రం మోకాలి కింద తీయాల్సి వస్తుంది. రెండు రోజులు చూద్దాం."

ఆ రెండు రోజులూ నేను పైకప్పు ఫ్యాను వైపే చూస్తూ పడుకున్నాను. గీత వైపు చూసే ధైర్యం లేదు. చూసింది పద్మ. మంచం కాలివైపు స్టూలు వేసుకుని, నాతో ఒక్క ముక్క మాట్లాడకుండా, ఆ గీతనే కాపలా కాసింది. టీ తాగుతూ అక్కడే, అన్నం తింటూ అక్కడే. శ్రీను మాత్రం వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి అనేవాడు. "బావగారూ, మా చెరువుల్లో గట్టు దాటకుండా నీళ్ళు కాసినట్టు కాస్తోందండి మా అక్క. దాన్ని దాటుకుని ఆ ఎరుపు ఎక్కడికీ పోలేదు."

మూడో రోజు పొద్దున్న ఆవిడే లేచి, వంగి, కిటికీ వెలుతురులో పరీక్షగా చూసి, "దిగింది," అంది. రెండు రోజుల్లో నాతో అన్న మొదటి మాట అదే. ఎరుపు గీతకి రెండు వేళ్ళ కిందకి దిగింది. డాక్టరుగారు కూడా అదే అన్నారు గాని నేను పద్మ చెప్పినప్పుడే నమ్మాను. అప్పుడు ఏడ్చాను, మొహం దుప్పట్లో పెట్టుకుని.

ఆషాఢం, శ్రావణం, భాద్రపదం

పాదం దక్కింది గాని దాన్ని నేల మీద ఆనించకూడదన్నారు. మూడు నెలలు మంచం, కుర్చీ, వాకరు. తొలకరి లారీలన్నీ పద్మ మీద, నూకరాజు మీద పడ్డాయి. ఆవిడ పొద్దున్నే వంట చేసి ఆటోలో నర్సరీకి వెళ్ళి, మధ్యాహ్నం వచ్చి నా పని చూసి, మళ్ళీ వెళ్ళేది. రోజు విడిచి రోజు కట్టు మార్చడానికి కుమారి అనే సిస్టర్ ఇంటికి వచ్చేది. కట్టు విప్పుతూ తన గొడవలన్నీ చెప్పేది. నాకు సిగ్గు తెలియకుండా ఉండాలని అలా మాట్లాడుతోందని చాలా రోజులకి అర్థమైంది.

కదలకపోవడంతో షుగర్ మళ్ళీ ఎక్కింది. ఇన్సులిన్ పెట్టారు. నా బుద్ధి కూడా మళ్ళీ ఎక్కడికో పోయింది. ఒక రోజు మధ్యాహ్నం పద్మ రావడం ఆలస్యమైందని కంచం తోసేశాను. ఉన్న ఒక్క మనిషికి ఇంత అన్నం పెట్టలేవా అన్నాను. లారీకి మొక్కలెక్కించి వచ్చిన మనిషి, చేతులకి ఇంకా మట్టి ఉంది. ఆవిడ నా ఎదురుగా కూర్చుంది.

"మీ కాలు పోతుందని నేను భయపడ్డానండి. పోతే పోయింది, చెక్కకాలు పెట్టిస్తాం, నేను పట్టుకుని నడిపిస్తాను అనుకున్నాను. నాకు పట్టుకున్న బెంగ అది కాదు. ఆరు రోజులు నా కళ్ళలోకి చూసి అబద్ధం చెప్పేరు. ఇప్పుడు మీరు బాగుందంటే నాకు నమ్మబుద్ధి కావట్లేదు. దానికి ఏ కాలు పెట్టిస్తాం చెప్పండి."

ఇసకలో అన్న మాటకి, సాక్సులకి, కంచానికి, అన్నిటికీ కలిపి క్షమించమన్నాను. ఆవిడ కంచం దగ్గరికి జరిపి, "తినండి. ఇన్సులిన్ వేసుకుని తినకపోతే పడిపోతారు," అంది. క్షమించానని మాత్రం అనలేదు.

మళ్ళీ కార్తీకం

గాయం పూర్తిగా మూసుకుంది. కుమారి చివరి కట్టు విప్పి, "ఇంక నాతో మీకు పని లేదండి. నా గొడవలు ఎవరికి చెప్పుకోవాలో ఏమో," అంది. రాజమండ్రి పెద్ద డాక్టరుగారు చెప్పినది నాకు మింగుడుపడలేదు. ఇంట్లో తిరగవచ్చు, నర్సరీలో కాస్త తిరగవచ్చు, రోజూ ఆరు కిలోమీటర్ల నడక మాత్రం వద్దన్నారు. స్పర్శ తిరిగి రాదు, అడుగు అడుగుకీ బరువు పడే చోట మళ్ళీ పగలవచ్చన్నారు.

"మరి షుగర్ ఎలా దిగుతుందండి?" అని అడిగాను.

"సైకిలు తొక్కండి. పాదం మీద అంత బరువు పడదు. మీ పాదం కొలతకి చేయించిన ఈ బూట్లు తప్ప ఇంకేవీ వెయ్యకండి. రోజూ పాదం చూసుకోండి, అద్దం పెట్టి. మీ పాదం మీతో మాట్లాడదు, మీరే అడగాలి."

శ్రీను సైకిలు కొనితెచ్చాడు. ఎక్కగానే కొత్త భయం మొదలైంది. నా కుడికాలు పెడల్ మీద ఉందో జారిందో నాకు తెలియదు. తెలుసుకోవాలంటే కిందకి చూడాలి. కిందకి చూస్తే ముందు రోడ్డు కనపడదు. నర్సరీ బాటలోనే రెండుసార్లు మందారాల మీద పడ్డాను. నూకరాజు వచ్చి కాసేపు చూసి, పాత ట్యూబు ముక్కలు కోసి, కుడి పెడల్‌కి బయటి వైపు ఎత్తుగా అంచు కట్టాడు. అంటు కట్టినంత శ్రద్ధగా, పట్టు సడలకుండా.

"ఇప్పుడు జారితే లోపలికే జారుద్దండి, బయటికి పోదు. ఇంక కిందకి చూడకండి."

నెల రోజులు మోపెడ్ బాటల మీదే నేర్చుకున్నాను. రోడ్డెక్కే రోజున నూకరాజు నా వెనకే తన సైకిలు మీద వచ్చాడు. మా గట్టు రోడ్డు వెడల్పు తక్కువ. ఒకవైపు కాలవ, ఇంకోవైపు మొక్కల లారీలు. బండి మీద ఉన్నప్పుడు సైకిలు వాళ్ళని హారన్ కొట్టి పక్కకి తోసినవాణ్ణి నేను. ఆ హారన్ ఎలా వినపడుతుందో అప్పుడు తెలిసింది. వెనక ఒక లారీ మోత విని నేను గబగబా తొక్కబోయాను.

"పందెం వద్దయ్యగారూ. దిగిపోండి," అని కేకేశాడు నూకరాజు.

"దిగితే నవ్వుతారయ్యా."

"నవ్వితే పళ్ళు కనపడతాయండి, అంతే. లారీ ఆగదు. ముప్ఫై ఏళ్ళ నుంచి దిగుతున్నాను నేను. అందుకే ఉన్నాను."

దిగాను. లారీ పోయేటప్పుడు దాని గాలికి సైకిలు ఊగింది. ఎక్కి ఉంటే కాలవలో ఉండేవాణ్ణి. అప్పటి నుంచి లారీ వస్తే దిగుతాను. మంచు పట్టిన రోజు వెలుతురు వచ్చేదాకా బయల్దేరను. వెనక ఎర్ర లైటు, చేతి దగ్గర అద్దం పెట్టించుకున్నాను. కుక్కలున్న మలుపులో నడిపించుకుంటూ పోతాను. ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. షుగర్ మళ్ళీ దిగింది, ఈసారి ఇన్సులిన్ కూడా తగ్గించారు. చలికాలంలో ఒక్కరోజు కూడా ఆయాసం రాలేదు. కాని ఎన్ని రోజులు మానకుండా తొక్కానో మాత్రం లెక్కపెట్టుకోను. ఒంట్లో బాగాలేకపోతే మానేస్తాను.

ఈ మాఘం

సైకిలు మీద రోడ్డెక్కిన రోజున పద్మ ఒక షరతు పెట్టింది. నర్సరీకి చేరగానే బూటు విప్పి, పాదం చూసుకుని, తనకి ఫోను చెయ్యాలి. "ఏమీ లేదు" అని చెబితే చాలదు. అరికాలు ఫోటో తీసి పంపాలి.

మొదట్లో అవమానంగా అనిపించింది. అంట్ల షెడ్డు ముందు, పనివాళ్ళందరూ చూస్తుండగా, యజమాని బెంచీ మీద కూర్చుని కాలు ఎత్తి మోకాలి మీద పెట్టుకుని ఫోను పట్టుకోవడం. నూకరాజు అంటు కడుతూ తలెత్తకుండా, "అయ్యగారి పాదానికి ఉన్నన్ని ఫోటోలు మా పెళ్ళికి లేవండి," అన్నాడు. ఆడవాళ్ళు పడీపడీ నవ్వారు. కొన్ని రోజులకి అదే అలవాటైంది. ఆ మట్టి నింపే ఆడవాళ్ళలో షుగర్ ఉన్న ఇద్దరు ఇప్పుడు పని మొదలుపెట్టే ముందు నా అద్దం అడిగి తీసుకుని తమ పాదాలు చూసుకుంటారు. ఒకామెకి మడమలో గుచ్చుకున్న ముల్లు అలా దొరికింది. ఆమెకి అది తెలియనే లేదు. అదే రోజు డాక్టరుగారి దగ్గరికి పంపాను, కిందటి మాఘంలో నేను చెప్పనివన్నీ చెప్పమని చెప్పి.

రెండు నెలలకి పైగా రోజూ ఫోటో వెళ్ళింది. మొన్న సోమవారం ఫోటోలో ఒక చోట ఎర్రగా ఉంది. బూటు కుట్టు ఒరుసుకుంది. వేలు పోయిన చోటుకి పక్కనే, కందిరీగ కుట్టినంత. ఫోటో ఆ వైపు రాకుండా తీయవచ్చు. ఆ ఆలోచన నాకు రాలేదని రాస్తే ఇదంతా రాసి ఏం లాభం. వచ్చింది. ఆ ఎరుపు స్పష్టంగా పడేలా దగ్గరగా తీసి పంపాను. పంపి, ఫోను చేసి చెప్పాను. మధ్యాహ్నం లోపే డాక్టరుగారికి చూపించాను. చర్మం చిట్లలేదు, నాలుగు రోజులు సైకిలు ఆపి బూటు సరిచేయించుకోమన్నారు. ఆపాను. తగ్గింది.

ఈ వేళ పొద్దున్న మళ్ళీ సైకిలు మీద నర్సరీకి వచ్చాను. ఎండ లేతగా ఉంది, దారిలో రెండు లారీలకి దిగాను. బెంచీ మీద కూర్చుని బూటు విప్పి, అద్దంలో పాదమంతా చూసుకుని పద్మకి ఫోను చేశాను.

"చేరేను. చూసుకున్నాను. ఏమీ లేదు. ఉండు, ఫోటో తీస్తాను."

"అక్కర్లేదులెండి," అంది. వెనక కుక్కరు విజిలు వినపడింది. "మీరు చెప్పేరు కదా."